అరువు కప్పు కింద భోజనం

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్ళు. అయినా ఇప్పటికన్నా అప్పుడే ఎక్కువ అలసిపోయి ఉండేవాణ్ణి. బెజవాడలో ఒక బీమా ఆఫీసులో గుమాస్తాగా చేరిన మూడో నెలలోనే పెద్ద గాలివాన వచ్చింది. డెల్టాలో అది ఎన్ని కప్పులు లేపేసిందో దేవుడికెరుక, కాయితాలన్నీ మాత్రం నా బల్ల మీదికే వచ్చి పడ్డాయి. పొద్దున్నే పటమటలోని గదినుంచి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళడం, సాయంత్రందాకా పగిలిన పెంకుల గురించి ఉత్తరాలు రాయడం, ఇదే బతుకు. అన్నంలో రాయి తగిలినా పెంకు ముక్కేమో అనిపించేది.

ఆ ఉత్తరాల్లో ఒకటి ఉయ్యూరు అవతల ఒక పల్లెలో ఉండే టీచరమ్మగారికి రాశాను. ముప్పై ఏళ్ళు మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఒంటరి మనిషి. పాత శిష్యుడెవరో ఏజెంటై వచ్చి బతిమాలితే కాదనలేక ఇంటికి పాలసీ తీసుకున్నారు. (ఆ శిష్యుడు చేసిన మంచిపని అదొక్కటేనని తర్వాత ఆవిడే అన్నారు.) గాలివానకి ఆవిడ ముందుగది మీది బెంగుళూరు పెంకులన్నీ ఎగిరిపడి పగిలాయి. క్లెయిము వస్తేగానీ మళ్ళీ కప్పు పడే దారి లేదు. "ఫలానా రోజున సర్వేయరు గారు మీ ఇల్లు చూడటానికి వస్తారు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. అప్పటిదాకా దేన్నీ ముట్టుకోవద్దని కూడా రాయాలి. రాయలేదు. ఆ ఒక్క వాక్యం వదిలేసినందుకు ఇప్పటికీ నామీద నాకు కోపమే.

దారి చూపించడానికి నన్నే పంపారు. సర్వేయరు గారిని మేం చాటుగా గొడుగాయన అనేవాళ్ళం, ఎర్రటి ఎండలోనూ ఆయన చంకలో గొడుగు ఉండేది కాబట్టి. ఆ వారమంతా కూలిన ఇళ్ళు చూసి చూసి ఆయన నాకన్నా డస్సిపోయి ఉన్నారు. బస్సు దిగి రెండు మైళ్ళు బురదలో నడిచి వెళితే, ఆ ఇంటి సందు మొదలునుంచి గుమ్మందాకా పెంకు ముక్కలు పరిచిన చక్కటి బాట. గోడలకి కొత్త సున్నం, గుమ్మానికి బంతిపూల దండ. తలెత్తి చూస్తే కప్పు నిండుగా పెంకులు. ఇక క్లెయిమేం వస్తుంది?

"రండి బాబూ. మీ బూట్లు పాడవకూడదని పగిలిన పెంకులన్నీ బాటలో పరిపించాను" అన్నారు టీచరమ్మగారు, ఇస్త్రీ మడత నలగని తెల్లచీరలో.

"మరి పైనున్నవి?" అన్నారు గొడుగాయన.

"సర్దించానండి."

"రసీదులున్నాయా అమ్మా?"

"లేవండి."

"ఇప్పుడు ఇల్లు కురుస్తోందా?"

"దేవుడి దయవల్ల ఏ లోటూ లేదండి."

నేను ఆయన వెనకనుంచి కళ్ళతో సైగలు చేశాను. ఆవిడ నా కంట్లో నలుసు పడిందనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చారు. గొడుగాయన నిట్టూర్చి, కప్పుకి నష్టం కనబడలేదని రాసి పెన్ను మూసేశారు. ఇంత చేసిన మనిషి భోజనం పెట్టకుండా పంపుతారా, ఆయన్ని ఆ ముందుగదిలోనే పీట మీద కూర్చోబెట్టారు. నేను ఆవిడ వెంట పెరట్లోకి పరిగెత్తి, ఇలా ఎందుకు చేశారండీ అని అడిగాను.

"బడికి ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారంటే పక్క ఊరి బడినుంచి గ్లోబూ గడియారమూ తెచ్చి పెట్టేవాళ్ళం. పిల్లలు చాలకపోతే పిల్లల్ని కూడా తెచ్చేవాళ్ళం. పెద్దాయన చూడ్డానికొస్తుంటే కప్పులేని ఇల్లు చూపిస్తామా నాయనా? వీధిలోవాళ్ళు తమ గొడ్ల చావిళ్ళ మీంచి పెంకులు తీసిచ్చారు. ఆయన చూడటం అవగానే తిరిగిచ్చెయ్యాలి."

"ఆ మాటే ఆయనతో చెప్పండి టీచరమ్మగారూ."

"అరువు సరుకని ఆఫీసరుతో ఎవరన్నా చెప్తారా" అన్నారావిడ, నా చదువుని శంకిస్తున్నట్టు.

పోనీ నేనే చెబుదామని లోపలికి వచ్చేసరికి ఆవిడ ప్రార్థన మొదలుపెట్టారు. (ప్రార్థన మధ్యలో క్లెయిము మాట ఎత్తే ధైర్యం నాకు లేదు.) అన్నానికీ పప్పుకీ వచ్చిన అతిథులకీ స్తోత్రం చెప్పి, "తలదాచుకోను నీడ ఇచ్చినందుకు" అనేసరికి పైన టకటకమని చప్పుడైంది. ఆమెన్ అని కళ్ళు తెరిస్తే కప్పులో ఆకాశం. అందులోంచి ఒక తలపాగా తొంగిచూసి వినయంగా అంది, "అయ్యగారు చూసేశారంట గదండీ. వానొచ్చేట్టుంది, మా గేదెలు తడుస్తాయి. మా పెంకులు మేం తీసుకెళ్తామండీ." ఆయన వెనక నిచ్చెన మీద మరో నలుగురు. సుద్దతో పెట్టుకున్న గుర్తులు చూసుకుని మరీ ఎవరి పెంకులు వాళ్ళు దింపుకుంటున్నారు. చినుకులు మొదలై గొడుగాయన చారులో పడ్డాయి. టీచరమ్మగారు తలవంచుకుని నిలబడిపోయారు. ముప్పై ఏళ్ళలో ఇన్‌స్పెక్టరు ఎదుటే గ్లోబు పట్టుకుపోయినవాళ్ళు లేరు గదా పాపం. నాకైతే నవ్వు రాలేదు, బాధేసింది.

గొడుగాయన చాలాసేపు పైకి చూశారు. తర్వాత ఎడంచేత్తో గొడుగు తీసి నాకిచ్చి, "పట్టుకోవోయ్" అని, పెరుగన్నందాకా నింపాదిగా తిన్నారు. చెయ్యి కడుక్కుని, ముందు రాసింది కొట్టేసి, "ముందుగదికి కప్పు లేదు. స్వయంగా చూశాను" అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. ఆ వారంలో ఆయన నవ్వడం అదే మొదలు. వానలు ముదరకముందే క్లెయిము వచ్చింది, టీచరమ్మగారి ఇంటి మీద సొంత పెంకులు పడ్డాయి.

ఇప్పుడు ఆవిడా లేరు, గొడుగాయనా లేరు. మొన్న నా మోకాళ్ళు అడుగు పడనివ్వకపోతే డాక్టరుగారు ఇంటికే వచ్చి చూస్తానన్నారు. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చేతికర్ర తలుపు వెనక దాచి కూర్చున్నాను. ఎలా ఉందండీ అని అడిగారాయన. "దేవుడి దయవల్ల ఏ లోటూ లేదండి" అన్నాను. ఆయన సంతోషించి, పెన్ను మూసి వెళ్ళిపోయారు. గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ చేతికర్ర కోసం వెళుతుంటే అప్పుడు తట్టింది, నేనేం చేశానో. నిచ్చెన వేసుకుని వచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని పైకి చూసి నవ్వుకున్నాను.