తాతయ్య ఆవులింత

నా చిన్నప్పుడు పుదుచ్చేరి బజారు వీధిలో మాకు బట్టల అంగడి ఉండేది, దాని మీదే ఇల్లు. మా చిన్నాన్నకు విల్లియనూరు పిల్లను చేసుకున్నారు. కొత్త కోడలికి అత్తగారు అందరి ముందూ తన చేత్తో నెయ్యన్నం ముద్ద పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. ఆ ముద్ద తిన్నాకే ఆమె మా మనిషి. మా అవ్వ ముద్ద కలిపి నోటిదాకా తీసుకెళ్తే, చిన్నమ్మ పెదవులు కాస్త విడదీసి తల పక్కకు తిప్పేసుకుంది. చుట్టాల్లో అవ్వకు తల కొట్టేసినట్టయింది.

"ఏంది ఈ తిమురు? మనింటి కూడు దిగదంట దీనికి. వాళ్ళ నాయన్ని పిలిపించండి, తీసుకొని పోనీ" అంది.

చిన్నమ్మ తల వంచుకుని గోడ వారకు జరిగింది. అదీ పొగరు కిందే జమ అయింది.

మా తాతయ్య అవ్వ మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. భోజనాలయ్యాక అందరి మధ్యా కూర్చుని, చిటికెలు వేసుకుంటూ పెద్దగా ఆవులించాడు. ఆవులింత సంగతి తెలిసిందేగా. మా మేనత్త ఆవులించింది, అమ్మ ఆవులించింది, నేనూ ఆవులించాను. తాతయ్య ఇంకోటి తీశాడు. గోడ వారన నిలబడ్డ చిన్నమ్మకూ వచ్చింది. నోరు సగమైనా తెరుచుకోకముందే చెంప పట్టుకుని కూలబడింది. కళ్ళనిండా నీళ్ళు.

"చూసినావా, ఆ పిల్లకి దవడ పట్టుకోనుండాది. నోరు యాడ తెరుచుకుంటాది, ముద్ద యాడ పోతాది?" అన్నాడు తాతయ్య, అవ్వతో మెల్లగా.

జ్ఞానదంతం వంకరగా వస్తోందనీ, చిగుళ్ళు వాచి దవడ బిగుసుకుపోయిందనీ ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. మాత్రలిచ్చి, గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాడు. వాపు తగ్గాక పన్ను తీసేశాడు. రోగిష్టి పిల్లను అంటగట్టారంటారని భయపడి చెప్పలేదట, పాపం. అది విని అవ్వ ఏడ్చింది. నోరు బాగా తెరుచుకునేదాకా తానే గంజి కాచి చెంచాతో పట్టింది.

ఇన్నేళ్ళకు నేనూ అత్తనయ్యాను. నా కోడలు వచ్చిన కొత్తలో పిలిచినా సరిగా పలికేది కాదు. కోపం రాలేదని అనను. కానీ తాతయ్య ఆ మధ్యాహ్నం చేసింది చూసిన దాన్ని కదా, మాట జారలేకపోయాను. పక్కన కూర్చుని, "యాడన్నా నొప్పిగా ఉండాదా అమ్మా" అని అడిగాను. నొప్పేమీ లేదంది. కాసేపటికి నా భుజం మీద తల పెట్టి, వాళ్ళమ్మ గుర్తొస్తోందని ఏడ్చింది.