మ్యాప్ లేని ఆటకు నేను కుదిర్చిన బేరం

నా ఉద్యోగ జీవితంలో కుదిర్చిన బేరాలన్నిటిలోకీ ఘనమైనది ఒకటుంది: లేని సరుకునే గొప్ప సరుకని చెప్పి అమ్మేశాను. కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది కోల్‌కతా సాల్ట్ లేక్‌లో ఒక చిన్న వీడియోగేమ్ స్టూడియోలో ప్రొడక్షన్ మేనేజర్‌గా చేరాను. అదే నా ఆఖరి ఉద్యోగం. ఆటను ఊహించేది డిజైనర్, కట్టేది ప్రోగ్రామర్లు. వాళ్లు అడిగే గడువుకూ, డబ్బు పెట్టే పబ్లిషర్ ఇచ్చే గడువుకూ మధ్య నిలబడి బేరమాడేది నేను. గార్డెన్ రీచ్‌లో మా నాన్న బట్టల కొట్లో గల్లా పక్కన పెరిగినవాణ్ణి. ఈ పనికి వేరే చదువు అక్కర్లేదనుకున్నాను.

మాది అన్వేషణ ఆట. ఓడ దిగిన ఒక అమ్మాయి తెలియని రేవు బస్తీలో మేనమామ ఇల్లు వెతుక్కోవాలి. సందులన్నీ మా గార్డెన్ రీచ్‌ను ఆనుకుని ఉన్న మెటియాబ్రుజ్ సందులను చూసి గీసినవి. డిజైనర్ మెర్సీ నదికి అవతలి ఒడ్డున షాలిమార్ రైల్వే క్వార్టర్లలో పెరిగింది. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆటలో మ్యాప్ ఉండాలని ఆమె పట్టు. దానికి ఆరు వారాలు పడుతుంది. ఆరు వారాలు నా దగ్గర లేవు. అందుకని దారి తప్పడమే మా ఆట రుచి అని పబ్లిషర్‌కు చెప్పాను. వాళ్లు ముచ్చటపడి ఆ మాటే ప్రకటనలో వేసుకున్నారు.

"ఏటి దాదా, మ్యాపు తీసీసారా?" అని నిలదీసింది మెర్సీ. బెంగాలీలో దాదా అంటే అన్న; స్టూడియోలో అందరికీ నేను దాదానే.

బాణం గుర్తు చూస్తూ నడిచేవాడికి ఊరు కనబడదమ్మా, బాణమే కనబడుతుందన్నాను. ఆ మాట ఇప్పటికీ నమ్ముతాను.

"మీకు తెల్సిన ఊరు గనక అలాగంటన్నారు," అంది.

ఆమె నోరు మూయించడానికి ప్లేటెస్ట్ పెట్టాను. అంటే ఆట చూడనివాళ్ల చేత ఆడించి, మనం వెనక నిలబడి గమనించడం. మనుషులను మా పాత కొట్టు చుట్టుపక్కల నుంచే తెచ్చాను: దర్జీలు, బట్టల మూటలు మోసేవాళ్లు, ఒక పాన్ కొట్టాయన. అందరూ నవ్వుతూ మేనమామ ఇల్లు చేరారు. మురుగు కాలువ ఎటు పారితే అటు నది, మూటలు ఎటు పోతే అటు బజారు. ఆట చూడనివాళ్లే గాని, ఆ ఊరు పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాళ్లు. ఇది నాకు తట్టలేదు.

తర్వాత మైల్‌స్టోన్ తనిఖీ వచ్చింది. పని దశలవారీగా పబ్లిషర్‌కు చూపించాలి. ఒక దశ తప్పితే ఒప్పందం అక్కడే ఆపేసే హక్కు వాళ్లది. ఆపితే మా జట్టు మొత్తం ఇళ్లకు పోవలసిందే. తనిఖీకి పబ్లిషర్ తరఫున హైదరాబాద్ నుంచి స్వప్న అనే ఆమె వచ్చింది. ఆమె ఆడుతున్నంతసేపూ గదిలో ఎవరూ మాట్లాడకూడదన్నది నియమం.

ఆటలో ఓడ దిగింది. సందులోకి తిరిగింది. కాసేపటికి అదే సందులోకి మళ్లీ వచ్చింది. కాలువను ఆమె చూడనే లేదు. ప్రోగ్రామర్ శుభో నేల చూపులు చూస్తున్నాడు. మెర్సీ మాత్రం తెరను కాదు, నన్నే చూస్తోంది. అదే సందు మూడోసారి వచ్చేసరికి ఆగలేక "ఎడమకి" అనేశాను.

స్వప్న కంట్రోలర్ బల్ల మీద పెట్టింది. "ఆట కొన్నోళ్లందరికీ మిమ్మల్ని గూడ పార్సిల్ చేస్తరా సార్?"

ప్రకటనలో వేసుకున్న మాట గుర్తు చేయబోయాను. "దారి తప్పుడు వేరు సార్, చిక్కుకునుడు వేరు," అంది.

అప్పుడు మెర్సీ లేచింది. "ఒక్క మాట సెప్పనీండి. ఆటలో కొట్టుకెల్లి అడిగితే ఆ కొట్టాయన తనకి తెల్సినంత మేరే మ్యాపు గీసిస్తాడు. పక్క సందు కావాలంటే పక్క కొట్లో అడగాల. బాణాలుండవు." ఇదే సంగతి ఆమె నాకు మొదట్లోనే చెప్పింది. నాకు ఆరు వారాలన్న మాట ఒక్కటే వినబడింది.

స్వప్న ఒప్పుకుంది గాని గడువు పెంచనంది. చాలాసేపు బేరమాడాను, ఆమె కదల్లేదు. మ్యాప్ కావాలంటే ఆటలోంచి అంత పనీ తీసేయండి అంది. తీయగలిగింది ఒక్కటే: చివరి నది ప్రయాణం. మెర్సీ స్వయంగా గీసిన భాగం, ఆటలో అన్నిటికంటే బాగున్నది.

"తీసీండి దాదా," అంది మెర్సీ. "మేనమామ ఇల్లే దొరక్కపోతే నది దాకా ఎవుడొస్తాడు?"

మ్యాప్ ఉండాలా వద్దా అన్నది ఊరు తెలిసినవాడు తేల్చకూడదు. నేను నేర్చుకున్నది ఇంతే. ఇక బిల్లు: దక్కినవి ఆట, జట్టు ఉద్యోగాలు, వాడినవాళ్లు మెచ్చుకున్న మ్యాప్. పోయింది నది. ఆట విడుదలయ్యాక మెర్సీ వేరే స్టూడియోకు వెళ్లిపోయింది. అది కూడా నా ఖాతాలోనే రాసుకోవాలి. మొదట ఆమె అడిగినప్పుడే ఆ ఆరు వారాల కోసం పబ్లిషర్‌తో బేరమాడి ఉంటే, బహుశా నదీ మిగిలేది, మెర్సీ కూడా. నేను అడగనే లేదు.