కొత్త సారు కంటిచూపు

నిన్న దవాఖానలో కంటి పరీక్షకు గోడమీది అక్షరాలు చదువుతుంటే, చిన్నప్పటి కొత్త సారు గుర్తొచ్చారు.

ఆయన బొగ్గుబాయి కార్మికుడి పెద్దకొడుకు. మా కాలనీలో తండ్రి కొలువు కొడుక్కి వచ్చేది. బాయిలో దిగకుండా బడికొచ్చారంటే చూపు ఆనక మెడికల్ పరీక్షలో తప్పి ఉంటారనుకున్నాం. చివరి బెంచీ నుంచి చీమలంత అక్షరాలు రాసి చూపించాం. గడగడా చదివేశారు. నాకంతా అయోమయం.

"సార్, మీకేం బీమారి?" అని అడిగేశాను.

"ఏం లేదు బిడ్డా. కొలువు తమ్మునికిచ్చిన. పిల్లలకు చదువు చెప్పుడు నాకిష్టం."

వచ్చిన కొలువును ఎవరైనా వదులుకుంటారా? తాత నుంచి వచ్చిన కొలువులో షిఫ్టు దిగొచ్చి స్నానానికి నీళ్లు తోడుతున్న బాపుకు చెప్పాను. బాపు చెంబు కింద పెట్టాడు.

"ఇష్టమన్నడా?" అన్నాడు మెల్లగా.

బాపును నీకేది ఇష్టమని ఎవరూ ఎన్నడూ అడగలేదని నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.