టేపు అవతలి కొన

నా టేపు మీద ఒట్టు... ఇందులో ఒక్క అంగుళం కూడా కలిపి చెప్పడం లేదు. నవ్వేవాళ్లుంటే ఇప్పుడే నవ్వేయండి, మధ్యలో నవ్వితే నేను చెప్పను.

డెబ్బైల్లో మాట. నేను అప్పుడు డ్రాఫ్ట్స్‌మన్‌ని. మొఘల్‌పురాలో ఓ ఇరుకు గల్లీ, అందులో ఆడపిల్లల బడి. మూడు వైపులా పక్కిళ్ల గోడలు, మధ్యలో కాస్తంత వాకిలి. ఆ వాకిట్లో ఇంకో గది లేపితేనే పదో తరగతి ఉంటుందని విద్యాశాఖ ఆఫీసువాళ్లు తేల్చేశారు. లేకపోతే ఆ పిల్లల చదువు అక్కడితో సరి. దూరపు బడికి పంపే ఇళ్లు కావు అవి.

పగలంతా వాకిట్లోనే క్లాసులు. అందుకే చీకటి పడ్డాక కొలతలకు దిగాం. అవతలి గోడ దగ్గర టేపు కొన మేస్త్రీ యాదన్న పట్టుకున్నాడు. ఇవతల నేను. మా పనిలో ఒక అలవాటుంది... "పట్టినవా?" అని అడగాలి. అవతలివాడు "పట్టిన" అనాలి. అప్పుడే అంకె చదవాలి.

చదివాను. గదికి ఉండాల్సిన వెడల్పు లేదు. అడుగు తక్కువ.

"ఇంకోసారి జూడు బిడ్డా," అంది నా పక్కనే నిలబడ్డ పెద్ద టీచరమ్మ.

ఎన్నిసార్లు చూస్తే గోడ జరుగుతుంది? చిరాకేసింది. ఆమె మొహం చూస్తే జాలీ వేసింది.

అంతలో కరెంటు పోయింది.

టేపు వదులై నేల మీద పడింది. ఎక్కడో రేకు తలుపు కొట్టుకుంటోంది... అదీ ఆగింది. కాసేపటికి... సర్ర్... నేల మీద పాకుతున్న చప్పుడు. టేపు మళ్లీ బిగిసింది.

"పట్టినవా?" అన్నాను.

"పట్టిన."

సన్నటి గొంతు. యాదన్న నోట్లో బీడీ ఉందేమో అనుకున్నాను. టేపును మోకాలి కింద అదిమి, అగ్గిపుల్ల గీసి చూశాను. సరిపోయింది... గది పడుతుంది. ఆ మాట చెప్పగానే టీచరమ్మ నా భుజం పట్టుకుని ఏడ్చేసింది.

అప్పుడు మా వెనక గేటు కిర్రుమంది. కందిలితో యాదన్న.

"కరెంటు పోంగనె కందిలి కోసం మీ పక్కకెల్లే పోయిన సారూ. పక్కింటోల్లు జల్దీ ఇయ్యలె. ఏంది, గట్ల జూస్తున్నరు?"

నా మోకాలి కింద టేపు... ఇంకా బిగిసే ఉంది.

యాదన్న కందిలి ఎత్తాడు. అవతలి గోడ దగ్గర ఎవరూ లేరు. టేపు టప్పున వదులైంది. చుట్టి చూస్తే ఇత్తడి కొనకు సుద్దపొడి.

వెలుగులో మళ్లీ కొలిచాం. అడుగు తక్కువే.

"కందిలి ఆర్పు యాదన్నా," అంది టీచరమ్మ.

ఆర్పాడు. నేను టేపు పరిచాను. ఈసారి ఆమే అడిగింది.

"పట్టినవా బిడ్డా?"

చాలాసేపు నిలబడ్డాం... ఎవరూ పలకలేదు.

గది లేవలేదు. మరుసటి ఏడు పదో తరగతి తీసేశారు. సుద్దపొడి అంటారా, బడి కదా, ఎక్కడైనా ఉంటుంది. ఆ గొంతు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రాత్రి మాత్రం టీచరమ్మ మమ్మల్ని పంపేసి, చీకట్లో ఆ గోడ దగ్గరే కూర్చుండిపోయింది.