రెండడుగుల చెరువు

మా ఇంట్లో అడుగుపెట్టిన మొదటి రెండు బంగారు చేపలు గోదావరి జిల్లా మర్యాదలు తట్టుకోలేక ప్రాణాలు విడిచాయని మా బావమరిది ఊరంతా చెప్పుకొచ్చాడు. అందులో అబద్ధం కొంచెమే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేం పాలకొల్లులో ఉండేవాళ్ళం. పెళ్ళిరోజుకి చీర తెస్తానని బయల్దేరినవాణ్ణి, రెండడుగుల గాజుతొట్టె, అందులోకి రెండు బంగారు చేపలు మోసుకుని ఇంటికొచ్చాను. మా ఆవిడ నన్ను ఒక చూపు చూసింది. ఆ చూపుకి తొట్టె పగలకపోవడం దాన్ని చేసినవాడి గొప్పతనం. కానీ సాయంత్రానికల్లా చేపలు ఆవిడవైపోయాయి. పొద్దున్నే టిఫిను, మధ్యాహ్నం భోజనం, నాలుగింటికి చిరుతిండి, రాత్రికి మళ్ళీ భోజనం. ఇంటికొచ్చిన చుట్టం చాలు చాలంటున్నా విస్తట్లో ఇంకో గరిటె వేసే వంశం ఆవిడది. చేపలు చేతులు అడ్డం పెట్టలేవు కదా, తిన్నన్ని తిన్నాయి. మిగిలింది అడుగున కుళ్ళింది. ఎనిమిదోరోజు పొద్దున్న రెండూ వెల్లకిలా తేలాయి.

ఆవిడ ఏడవలేదు. "నా చేత్తో పెట్టిన తిండికే పోయాయండి" అంది, అంతే. ఆ రోజు నుంచి తొట్టె ఉన్న గోడవైపు చూడకుండా హాలు దాటడం మొదలుపెట్టింది. వంటింట్లోంచి వీధిగుమ్మంలోకి రావాలంటే దొడ్డిదారిన ఇల్లు చుట్టి వచ్చేది. పన్నెండేళ్ళ కాపురంలో నేను చేసిన ఏ ఘనకార్యానికీ ఆవిడ అంత దూరం నడవలేదు.

నాకు భరించరానిదైంది ఆ నడకే. నెట్ సెంటర్లో కూర్చుని, కరెంటు రెండుసార్లు పోయి వచ్చేలోగా, చేపల శాస్త్రమంతా నమిలేశాను. అసలు తప్పు తిండిది కాదుట, తొట్టెదట. కొత్త తొట్టెలో చేపల మురికి అమ్మోనియా అనే విషమవుతుంది. దాన్ని తినే సూక్ష్మజీవులు కొన్ని, అవి వదిలినదాన్ని తినే మరికొన్ని నీళ్ళలో పుట్టాలి. మన బంతి భోజనాల్లాగే. మొదటి బంతి లేస్తేనే రెండో బంతికి విస్తరి. రెండు బంతులూ నిండిన తొట్టెలో మాత్రమే చేప బతుకుతుంది. అందుకని ముందు చేపల్లేకుండానే అమ్మోనియా పుట్టించి, ఈ భోక్తల్ని పెంచి, ఆ తర్వాతే చేపల్ని దింపాలి. ఇది చేసి చూపిస్తే, పోయిన చేపల పాపం తనది కాదని ఆవిడ నమ్ముతుంది. నాకు కావలసింది అదొక్కటే.

అమ్మోనియా పుట్టడానికి ఒక పచ్చి రొయ్యని గుడ్డలో మూటకట్టి తొట్టెలో వేలాడదీశాను. మా వైపు రొయ్య దొరికితే ఇగురు పెడతారు, లేదా వేపుడు చేస్తారు. నిక్షేపంలాంటి రొయ్యని గాజుపెట్టెలో పెట్టి కుళ్ళబెట్టినవాడు ఉభయగోదావరి జిల్లాల్లో నా ముందు లేడు, నా తర్వాత ఉంటాడని నమ్మకమూ లేదు. నాలుగోరోజుకి వీధి చివరి పిల్లులన్నీ మా అరుగుమీద సభ తీర్చాయి. బావమరిది వచ్చి తొట్టె ముందు బాసింపట్టు వేసుకుని పావుగంట కూర్చున్నాడు.

"బావగారూ, మీ చేప కదలట్లేదేంటండి?"

"అది రొయ్య."

"ఆయ్. మరి నిద్దరోతందాండి?"

రొయ్యల చెరువుల మందుల షాపులో అమ్మోనియా చూసే చుక్కలమందు కొన్నాను. గాజుగొట్టంలో నీళ్ళు పోసి చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. ఆకుపచ్చ వస్తే విషం ఉన్నట్టు. మా తొట్టె నీళ్ళకి వచ్చిన పచ్చదనం రావులపాలెం అరటిగెలల మార్కెట్లో కూడా చూసి ఉండరు. ఆ పచ్చ మరీ ముదిరినప్పుడల్లా సగం నీళ్ళు తీసేసి కొత్తవి పోసేవాణ్ణి. తొట్టె మొహం చూడని మా ఆవిడ, ఆ కొత్త నీళ్ళు మాత్రం తనే బిందెలతో తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయేది.

మూడు వారాలన్నారు. అయిదు గడిచాయి. పచ్చ పచ్చగానే ఉంది. మొదటి బంతికే ఒక్కడూ రాలేదు. ఇంకో రొయ్య కట్టాను, తొట్టెలో గాలిపంపు జోరు పెంచాను, తొట్టె మొహం తూర్పుకి తిప్పాను. ఆవిడ దొడ్డిదారి నడక ఆగలేదు.

చివరికి ఒక సీసాడు తొట్టె నీళ్ళు పట్టుకుని భీమవరం బస్సెక్కాను. అక్కడ చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులు కిళ్ళీకొట్లకన్నా ఎక్కువ. నేను వెళ్ళినచోట పదిమంది రైతులు తలా ఒక సీసాతో బెంచీల మీద ఉన్నారు. నా వంతు వచ్చింది. కళ్ళజోడు పెట్టుకున్న ల్యాబు ఆయన కాగితం తీశాడు.

"చెరువు ఎంతండి?"

"రెండడుగులండి."

"లోతు కాదండి. విస్తీర్ణం."

"అదేనండి చెబుతున్నది."

బెంచీల మీదివాళ్ళంతా నా వైపు తిరిగారు. ఆయన కలం కింద పెట్టలేదు గానీ కొంచెం వదులు చేశాడు. "రొయ్యపిల్ల ఎంత వేశారు?"

"ఇంకా వెయ్యలేదండి. ఒక్క రొయ్యని వేశాను. అదీ చనిపోయాకే."

వెనకున్న పెద్దాయన ఒకరు పాపం అన్నట్టు నాకు బెంచీమీద చోటిచ్చారు. అమ్మోనియా తగ్గించుకోవడానికి వాళ్ళు నిద్రాహారాలు మానుకుంటుంటే, నేను దాన్ని పనిగట్టుకుని పెంచుతున్నానని తెలిశాక ఆ చోటు మరికాస్త విశాలమైంది.

కానీ ల్యాబు ఆయన నవ్వలేదు. నా సీసాని ఇరవై ఎకరాల ఆసామి సీసాలాగే చూశాడు. నీళ్ళలో ఆమ్లం ఎక్కువై పులిసిపోయి ఉన్నాయనీ, ఆ పులుపులో సూక్ష్మజీవులు పెరగవనీ చెప్పి అడిగాడు. "నీళ్ళలో పటిక గానీ తిప్పుతున్నారాండి?"

నాకు బిందెలు కళ్ళముందు తిరిగాయి. అది శ్రావణం. కుళాయిలో గోదావరి ఎర్రనీళ్ళు. ఆ రోజుల్లో మా ఊళ్ళో పటిక ముక్కతో నాలుగు తిప్పులు తిప్పని బిందె ఉండదు. ఎంత మామూలంటే, అయిదు వారాలు నా ఎదురుగా ఉండి కూడా నాకది కనిపించలేదు. తాగే నీళ్ళకి నాలుగు తిప్పులైతే, తొట్టె నీళ్ళకి మా ఆవిడ ఏ ఎనిమిదో తిప్పి ఉంటుంది. ఈసారి తన చేతిమీదుగా ఏ లోటూ జరగకూడదని.

ఆయన చీటీమీద రాసిచ్చాడు. పటిక ఆపాలి. సగం నీళ్ళు మార్చి, ఒక రోజు తేరిన నీళ్ళు పొయ్యాలి. వంటసోడా అర చెంచా. పక్కవాడి చెరువుకి సున్నం బస్తాల్లో రాసిన చేత్తోనే.

బస్సులో దారంతా ఒకటే ఆలోచన. నీ తప్పేం లేదని నిరూపిస్తానని మొదలుపెట్టి, ఇప్పుడు వెళ్ళి పటిక సంగతి ఎలా చెప్పను? చీటీ జేబులో కుక్కేసి, ఇంటికెళ్ళగానే రొయ్యల ఎంపికలో నేనే పొరబడ్డానని ప్రకటించాను. ఒంటికి పని చెప్పమన్నాడు డాక్టరు అని, మర్నాటి నుంచి బిందెలు నేనే మోశాను. అంతవరకూ ఆ ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తి ఎరగను. మొదటిరోజు సగం నీళ్ళు నా పంచెకే సరిపోయాయి. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

రెండు వారాలకి పచ్చ లేతబడింది. ఇంకో మూడు వారాలకి పసుపు. పెళ్ళిళ్ళలో మంగళస్నానానికి కూడా అంత పసుపు వాడరు. రెండో బంతి కూడా లేచిందని ల్యాబులో ఖాయం చేసుకుని, రెండు చేపలు కవర్లో తెచ్చి ఆవిడ ముందు పట్టుకున్నాను. చూశావా, తప్పంతా తొట్టెదే అన్నాను.

ఆవిడ కవరు అందుకోలేదు.

"పటిక ఆపాలి అని ఉంది కదండీ ఆ చీటీలో. ఉతికేముందు జేబులు చూస్తాను కదా నేను."

ఎప్పుడో తెలిసి ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

"బిందెలు మోస్తున్నారు కదా అని."

మళ్ళీ తనే అంది. "పటిక అని తెలిసింది, మానేశాం, బాగుపడింది. ఆ చేపలప్పుడు నేనేం చేశానో తెలీకే కదండీ భయం."

అప్పుడు కవరు తీసుకుంది. హాల్లోంచే, తిన్నగా, తొట్టె దగ్గరికి నడిచింది. ముడి విప్పి రెండింటినీ నీళ్ళలోకి వదిలి, అవి మూల మూలా తిరిగి వచ్చేదాకా కదల్లేదు. మేత రెండే వేళ్ళతో తీసి వేసింది. డబ్బా మూత బిగించి నా చేతికిచ్చింది.

"దీన్ని పై అలమరలో పెట్టేయండి. నాకు అందకుండా."

పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం చూస్తే ఆ అలమర కింద వంటింటి పీట ఉంది. గాజుగొట్టంలో నీళ్ళు పట్టి చుక్కలు వేసి చూశాను. పసుపే. పీట తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేసి, బిందె ఎత్తుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాను.