నల్లదారంతో రెండక్షరాలు

స్కాట్లండ్‌లోని ఫైఫ్ తీరంలో మా జాలరి వాడల ఆడపిల్లలు పదేళ్లు దాటగానే నారగుడ్డ మీద కుట్టు నేర్చుకునేవాళ్లు. పైన అక్షరమాల, మధ్యలో ఒక ఇల్లు, అడుగున ఇంట్లోవాళ్ల పేరుకీ ఇంటిపేరుకీ మొదటి అక్షరాలు. బతికున్నవాళ్లకి ఎరుపో, ఆకుపచ్చో. పోయినవాళ్లకి నలుపు.

మా ముత్తవ్వ గ్రిజెల్ గౌర్లే తన గుడ్డ కుట్టేనాటికి ఆమెకి పదకొండేళ్లు. తాతకీ, పురిట్లో పోయిన ఇద్దరు చెల్లెళ్లకీ నలుపు కుట్టేసింది. అన్న నినియన్ దగ్గరికొచ్చేసరికి ఆకుపచ్చ దారం అయిపోయింది. దారాలాయన వచ్చేది వచ్చేవారం. బళ్లో పిల్లల కుట్లు చూడ్డానికి పాస్టరుగారు వచ్చేది శుక్రవారం. నల్లదారం మాత్రం బోలెడు మిగిలింది. తర్వాత విప్పేద్దామనుకుని, అన్న రెండక్షరాలూ నల్లగా కుట్టేసింది.

మర్నాడు పొద్దున సముద్రానికి బయల్దేరుతూ నినియన్ ఆ గుడ్డ చూశాడు.

"ఏమే, నన్నప్పుడే పాతిపెట్టేశావా? నా కొత్త బూట్లు ఎవరికిస్తున్నావు మరి?"

తల్లి ఎల్స్పెత్ పొయ్యి దగ్గర్నుంచి ఒక్కంగలో వచ్చి కూతురి చెంప ఛెళ్లుమనిపించింది. "విప్పు! ఇప్పుడే విప్పు!"

"పోనీవే అమ్మా. నేనొచ్చేలోగా విప్పుతుందిలే," అని అతను ఓట్స్ రొట్టె నోట్లో కుక్కుకుని నాన్న వెనకే పరుగెత్తాడు.

గ్రిజెల్ బడికెళ్లలేదు. పన్నెండు దాటాక గాలి తిరిగింది. ఆడవాళ్లంతా రేవుకి పరుగెత్తారు. ఆమె మెట్ల మీదే కూర్చుని సూదిమొనతో కుట్లు విప్పుతూ ఉంది. ఒక్కో పోగు రెండేసి చోట్ల ముడిపడి ఉంది. గట్టిగా లాగితే గుడ్డ చిరుగుతోంది. చిరిగినా లాగింది. పడవ వచ్చేలోగా ఒక్క నల్లపోగు కూడా ఉండకూడదు. అంతే.

ఒకే ఒక్క కుట్టు మిగిలుండగా రేవులో కేక వినబడింది. పడవ వచ్చింది. నాన్న దిగాడు, ఇంకో ముగ్గురు దిగారు. పడవలో ఇంకెవరూ లేరు.

"ఎల్స్పెత్, అల..." అన్నాడు నాన్న.

ఇంటికొచ్చి తల్లి అడిగిన మొదటి మాట, "విప్పావా?"

"విప్పానమ్మా."

"మొత్తం?"

"ఒక్కటి తప్ప."

తల్లి పొయ్యి వైపు తిరిగి నిప్పు ఎగదోసింది. తిట్టినా బాగుండేదని ముత్తవ్వ ముసలితనంలో కూడా అనేది.

శవం దొరకలేదు. ఏడాది తిరిగి మళ్లీ నవంబరు రాగానే ఎల్స్పెత్ గుడ్డ తెచ్చి కూతురి ఒళ్లో పెట్టింది. "వాడికి మట్టి లేదు, రాయి లేదు. దీనిమీదైనా ఉండనియ్యి. కుట్టు."

"నేను కుట్టను. ఒకసారి కుట్టింది చాలు."

ప్రతి నవంబరులోనూ తల్లి అడిగేది. కూతురు తల అడ్డంగా ఊపేది. గ్రిజెల్ వేళ్లకి పీలికలు చుట్టుకుని హెర్రింగ్ చేపలు కోసింది, పీపాలు చేసేవాణ్ణి పెళ్లాడింది, నలుగుర్ని కంది. ఇంట్లో నల్లదారం మాత్రం ఉంచలేదు. నల్లకోటు చిరుగులు కూడా తెల్లదారంతోనే కుట్టేది. "మీ ఆయన కోటు మీద కాకులు రెట్ట వేశాయే గ్రిజెల్!" అని పక్కింటావిడ వెక్కిరించేది.

తల్లికి చూపు పోయింది. మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం, "ఇక అడగను. ఒక్కసారి వాడి పేరు తడిమి పోతాను," అంది.

గ్రిజెల్ పక్కింటికెళ్లి నల్లదారం అడిగి తెచ్చింది. ముప్పై ఏళ్ల తర్వాత ఆ చోట సూది గుచ్చింది. గుడ్డ నిలవలేదు. ఆనాడు లాగిలాగి చీల్చిన పోగులు సూది తగలగానే విడిపోయాయి. ఇంకోచోట గుచ్చింది. అదీ పోయింది. చివరికి అక్కడ కన్నమే మిగిలింది.

తల్లి వేలు గుడ్డమీద పాకింది. "ఇక్కడేనా? ఏమీ తగలట్లేదే."

గ్రిజెల్ ఆ వేలు పట్టుకుని, కన్నం అంచున ఆనాడు మిగిలిపోయిన ఒక్క నల్లకుట్టు మీద పెట్టింది.

"ఇదిగోనమ్మా."

ముసలామె దాన్ని ముందుకీ వెనక్కీ తడిమింది.

"ఇంతేనా?" అంది. "ఇంతేనా వాడు?"