మేస్త్రి వేసిన రాగి గొట్టం

లాంచీకి ఇంజను మేస్త్రి అంటే మన మేస్త్రి దృష్టిలో సగం వైద్యుడు, సగం న్యాయమూర్తి. డీజిలు మానేసి గింజల నూనెతో లాంచీ నడపాలని కంపెనీ నిశ్చయించినప్పుడు, ఆ శుభకార్యంలో తన వంతుగా తుప్పుపట్టిన ఇనుప గొట్టం పీకేసి, ట్యాంకు నుంచి ఇంజను దాకా రాగి గొట్టం బిగించాడు. రోజూ పొద్దున్నే దాన్ని గుడ్డతో తళతళలాడేలా తుడిచేవాడు. ఇంట్లో మనుషులను అంత శ్రద్ధగా పలకరించిన దాఖలాలు లేవు.

నూనె పంపేది మేస్త్రి అక్క మొగుడు. ఆయనకున్నది ఒక చిన్న నూనె మిల్లు, ఒకే ఒక్క ఖాతాదారు: ఈ లాంచీ.

మూడో నెలలో లాంచీ నది మధ్యలో ఆగిపోయింది. ఫిల్టరు విప్పితే లోపల బంకలాంటి జిగురు. నూనె పుల్లటి కంపు కొట్టింది. లాంచీని ఒడ్డుకు చేర్చాక మేస్త్రి కంపెనీ మేనేజరు ఎదుట, ప్రయాణికులందరూ వింటుండగా తీర్పు చెప్పాడు.

"మా బావైతే మాత్రం? పాత నూనె అంటగట్టాడు."

సొంత మనిషినే పట్టిచ్చాడని మేస్త్రి నిజాయితీకి నాలుగు రోజులు పేరొచ్చింది. బావకు ఆర్డరు పోయింది.

కొత్త వ్యాపారి నూనె కూడా అలాగే బంకయింది. మేస్త్రి ఈసారి తన గొట్టం వంక అనుమానంగా చూశాడు. మూత తియ్యని డ్రమ్ములోంచి ఒక సీసా, గొట్టం చివర నుంచి ఒక సీసా పట్టి, ఎవరికీ చెప్పకుండా కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరుకు చూపించాడు.

"డ్రమ్ములో నూనె బాగానే ఉందండీ. రాగి తగిలితే గాలికి నూనె తొందరగా చెడుతుంది. పులుస్తుంది, ఆపైన ముద్దకడుతుంది. ఇంజను వేడి ఉండనే ఉంది. ఇంతకీ ఆ గొట్టం వేసిన మహానుభావుడెవరు?"

"ఎవడో పాతవాడు" అన్నాడు మేస్త్రి.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాడు. పక్కనే మిల్లుకు తాళం వేలాడుతోంది.

"తప్పు గొట్టానిది బావా."

"ఆ మాట నేను ఆ రోజే అన్నాను. నీకెక్కడ వినబడుతుంది? జనం నీ మాట వింటున్నారాయె."

అక్క గుమ్మంలోంచి అంది: "ఆ ముక్కే కాగితం మీద రాసి మేనేజరుకియ్యరా. మిల్లు తాళం తీస్తాం."

"రాస్తానక్కా. రిటైర్‌మెంటుకు ఐదు నెలలే ఉన్నాయి, అది కాగానే..."

"అందాకా మేమేం చెయ్యాలి? నీ గొట్టం తుడుస్తూ కూర్చోమంటావా?"

మర్నాడు మేస్త్రి మళ్ళీ ఇనుప గొట్టం బిగించాడు. రిజిస్టరు తెరిచి, కలం పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి ఒక్క వాక్యం రాశాడు: "గొట్టం పాతబడినందున మార్చడమైనది."

ఇంజను హాయిగా నడిచింది. నూనె నాణ్యత మెరుగుపడిందని మేనేజరు మెచ్చుకుని, కొత్త వ్యాపారికి మరో మూడేళ్ళు ఆర్డరు పొడిగించాడు.